ఒంట్లో ఒదిగే పరికరాలు

బతికున్న మెదడు జున్నుముక్క కన్నా గట్టిగా ఉండదు. దాని గట్టిదనాన్ని కొలిస్తే ఒకటి నుంచి కొన్ని కిలోపాస్కళ్ల దాకా తేలుతుంది. ఎలక్ట్రోడ్లు చేయడానికి వాడే సిలికాన్‌ గట్టిదనం 150 గిగాపాస్కళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే తేడా కోట్ల రెట్లు. గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి పీల్చినప్పుడల్లా మెదడు పుర్రెలో కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. ఆ కదలిక మైక్రాన్లలోనే ఉన్నా, కదలని సూది ఒకటి అందులో దిగి ఉంటే రోజుకు లక్షసార్లు చుట్టూ ఉన్న కణాలు దానికి ఒరుసుకుంటాయి. మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు అనే కణాలు దాన్ని పరాయి వస్తువుగా గుర్తించి చుట్టూ చేరతాయి, మచ్చపొర కడతాయి. నెలలు గడిచేకొద్దీ నాడీకణాల సంకేతాలు ఎలక్ట్రోడుకు అందడం తగ్గిపోతుంది. ఛాతీలోనో చర్మం కిందో అమర్చిన వస్తువుకూ ఇదే గతి. అక్కడ పీచు కణజాలం దాన్ని తిత్తిలా కప్పేస్తుంది.

శరీరాన్ని మార్చలేం కాబట్టి పరికరాన్నే మెత్తగా చేద్దామన్న ఆలోచన గత పదిహేనేళ్లలో వైద్య ఇంజినీరింగ్‌లో పెద్ద పాయగా ఎదిగింది. సాగే సెన్సర్లు, కరిగిపోయే పేస్‌మేకర్లు, వెన్నుపాము మీద పరిచే రబ్బరు పొరలు వచ్చాయి. ఒక్కో వార్తనూ విడిగా చదివితే ఈ సమస్య తీరిపోయిందనే అనిపిస్తుంది. అన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు కనిపిస్తున్నది వేరు. ఒంటి మీద కొన్ని రోజులు, ఒంట్లో కొన్ని వారాలు ఉండి పని ముగించే మెత్తని పరికరాలు రోగికి దగ్గరగా వచ్చేశాయి. పదేళ్లు, ఇరవై ఏళ్లు లోపల ఉండాల్సిన, పూర్తిగా మెత్తనైన ఇంప్లాంటు మాత్రం ఇంకా చాలా దూరంలో ఉంది. మెత్తగా చేయడం చేతకాక అది ఆగిపోలేదు. నీరు, అతుకులు, కాలం దాన్ని ఆపుతున్నాయి.

ముందు ఒక న్యాయమైన మాట చెప్పాలి. గట్టి పరికరాలు విఫలమయ్యాయనడం తప్పు. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఆస్పత్రిలో ఓకే సెన్నింగ్‌ అనే సర్జన్‌ పూర్తిగా ఒంట్లోనే ఉండే ప్రపంచపు తొలి పేస్‌మేకర్‌ను ఆర్నే లార్సన్‌ శరీరంలో అమర్చాడు. రూనే ఎల్మ్‌క్విస్ట్‌ తయారుచేసిన ఆ పరికరం ఎపాక్సీ జిగురులో పోతపోసిన బిళ్ల. కొన్ని గంటలకే అది ఆగిపోయింది. మరొకటి పెట్టారు. అలా ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ లార్సన్‌ 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. తర్వాత వచ్చిన టైటానియం పెట్టెలు కోట్లాది గుండెలను నడిపించాయి. మెదడులో గుచ్చే గట్టి ఎలక్ట్రోడ్ల సంగతీ అంతే. యూటా విశ్వవిద్యాలయంలో రూపొందిన నాలుగు మిల్లీమీటర్ల చదరంలో వంద సిలికాన్‌ సూదులుండే అమరికను 2004 నుంచి, మెదడు సంకేతాలతో కంప్యూటర్‌ను నడిపించే బ్రెయిన్‌గేట్‌ ప్రయోగాల్లో మనుషులకు పెట్టారు. 14 మందిలో మొత్తం 12,203 రోజుల అనుభవాన్ని లెక్కగట్టి 2023లో వెలువరించిన నివేదికలో పరికరం వల్ల ఒక్క మరణం గానీ, శాశ్వత వైకల్యం గానీ, మెదడులోపలి ఇన్ఫెక్షన్‌ గానీ లేదు. కాబట్టి గట్టిదనం ప్రాణం తీస్తుందన్నది వాదన కాదు. ఒక్కో నాడీకణం మాటను ఏళ్ల తరబడి వినాలన్నా, పసిపాప చర్మం మీద అతికించాలన్నా, కొట్టుకునే గుండెను చుట్టి ఉండాలన్నా గట్టి వస్తువు సరిపోదు. మెత్తదనం అవసరం నిజంగా ఉన్నది అక్కడ.

మెత్తగా చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది పదార్థాన్ని మార్చకుండా దాన్ని పల్చగా చేయడం. ఒక రేకు ఎంత సులువుగా వంగుతుందన్నది దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందాన్ని పదోవంతుకు తగ్గిస్తే వెయ్యి రెట్లు తేలిగ్గా వంగుతుంది. చిప్పుల్లో వాడే పెళుసు సిలికాన్‌నే మైక్రాన్‌ కంటే పల్చగా చేసి, తీగలను పాము మెలికల ఆకారంలో పరిస్తే మొత్తం అమరిక చర్మంతో పాటు సాగుతుంది. ఇల్లినాయ్‌ విశ్వవిద్యాలయంలో ఉండగా జాన్‌ రోజర్స్‌ బృందం 2011లో చూపించిన ఎలక్ట్రానిక్‌ చర్మం ఈ కోవలోది. జిగురు లేకుండా, ఉపరితలాల మధ్య సహజంగా ఉండే ఆకర్షణతోనే అది చర్మానికి అంటుకుని గుండె, కండరాల సంకేతాలను పట్టింది. రెండో దారిలో పదార్థమే మారుతుంది. సిలికోన్‌ రబ్బరు, విద్యుత్తును మోసే పాలిమర్లు, నీటిని పీల్చుకుని ఉబ్బే హైడ్రోజెల్‌లు, ఒంటి వేడికే ద్రవంగా ఉండే గాలియం మిశ్రమాలు ఇందులో పనిముట్లు. స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్‌ బావో బృందం ట్రాన్సిస్టర్లనే సాగేలా చేసి 2018లో వాటిని వరుసలుగా పేర్చి చూపింది. మొదటి దారిలో పరికరం వేగంగా, నమ్మకంగా పనిచేస్తుంది గానీ కొంతవరకే సాగుతుంది. రెండో దారిలో సాగుడు ఎక్కువ, విద్యుత్‌ పనితనం తక్కువ. ఇవాళ్టికీ ఈ తూకం పూర్తిగా కుదరలేదు.

చర్మం మీది పరికరాలే అన్నిటికన్నా ముందున్నాయి. టోక్యో విశ్వవిద్యాలయంలో తకావో సొమేయా బృందం 2017లో బంగారు నానోదారాల వలను చర్మం మీద పరిచింది. దానిలోంచి గాలి ఆడుతుంది, చెమట పోతుంది. వారం రోజులు పెట్టుకున్నా వాలంటీర్ల చర్మం వాయలేదు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. ప్రయోగశాల ఏసీ గదిలో బాగా అంటుకున్న పట్టీ, మే నెల విజయవాడలో ఉక్కపోతకు మధ్యాహ్నానికే ఊడిపోవచ్చు. ఊడకపోతే దాని కింద చెమటకాయలు లేవొచ్చు. గాలి ఆడడమనేది మన వాతావరణంలో విలాసం కాదు, మొదటి షరతు.

ఈ రంగంలో నన్ను ఎక్కువగా కదిలించిన పని నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కోసం చేసింది. ఆ పిల్లల చర్మం పూర్తిగా తయారై ఉండదు. గుండె, ఊపిరి కొలిచే ఎలక్ట్రోడ్లను గట్టి జిగురుతో అంటిస్తారు. తీసేటప్పుడు పైపొర లేచి వస్తుంది, పుండు పడుతుంది, ఆ పుండులోంచి ఇన్ఫెక్షన్‌ లోపలికి పోతుంది. చుట్టూ వైర్లుంటాయి కాబట్టి తల్లి బిడ్డను గుండెలకు హత్తుకోవడానికీ వీలుండదు. అలా ఒంటికి ఒళ్లు తగిలేలా బిడ్డను హత్తుకునే కంగారూ సంరక్షణే ఆ పిల్లలను బతికించే వాటిలో ముఖ్యమైనదని వైద్యులకు తెలుసు. 2019లో నార్త్‌వెస్టర్న్‌ విశ్వవిద్యాలయంలో రోజర్స్‌ బృందం రెండు పల్చని పట్టీలు తయారుచేసింది. ఒకటి ఛాతీ మీద, ఒకటి అరికాలికి. వైర్లు లేవు, బ్యాటరీ లేదు. శక్తి, సమాచారం రెండూ రేడియో తరంగాల ద్వారానే. చికాగో ఆస్పత్రుల్లో పరీక్షించినప్పుడు పాత యంత్రాలతో సమానమైన కొలతలే వచ్చాయి. ఆ తర్వాతి రూపాలను జాంబియాలోనూ వాడి చూశారు. 2020లో ప్రపంచంలో నెలలు నిండకుండా పుట్టిన సుమారు 1.34 కోట్ల మంది శిశువుల్లో 30 లక్షల మంది, అంటే ఐదోవంతుకు పైగా, మన దేశంలోనే పుట్టారు. ఈ పట్టీల అవసరం ప్రపంచంలో ఎవరికన్నా ఎక్కువగా ఉన్నది మన జిల్లా ఆస్పత్రుల్లోని నవజాత శిశు విభాగాలకే.

ఇక్కడ ఒక హెచ్చరిక. చర్మం మీద కాంతితో కొలిచే ఏ సెన్సర్‌కైనా చర్మపు రంగు అడ్డొస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ చూసే పల్స్‌ ఆక్సీమీటర్లను అమెరికాలో పరిశీలించి 2020లో ప్రకటించిన అధ్యయనంలో, మీటర్‌ 92 నుంచి 96 శాతం చూపిస్తున్నప్పుడు నిజంగా ఆక్సిజన్‌ 88 శాతానికి లోపు పడిపోయి ఉన్నవారు తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతివారిలో 11.7 శాతం. దశాబ్దాలుగా వాడుతున్న, అందరూ నమ్మే పరికరంలోనే ఈ లోపం ఇంతకాలం దాగి ఉంది. కొత్త పట్టీ మన దగ్గరికి వచ్చేముందు మన రంగు చర్మాల మీద, మన పిల్లల మీద విడిగా సరిచూడాల్సిందే.

చర్మం దాటి లోపలికి వెళ్తే చిక్కులు పెరుగుతాయి. 2015లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్‌లో స్టెఫనీ లకూర్‌, గ్రెగ్వార్‌ కూర్టిన్‌ బృందాలు కలిసి ఈ-డ్యూరా అనే పరికరాన్ని ప్రకటించాయి. మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే డ్యూరా పొరను అనుకరిస్తూ చేసిన పల్చటి సిలికోన్‌ పట్టీ అది. అందులో సాగే బంగారు తీగలు, ప్లాటినం కలిపిన మెత్తని ఎలక్ట్రోడ్లు, మందు పంపే సన్నని కాలువ ఉంటాయి. ఈ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైనది పోలిక. పాలీఇమైడ్‌ అనే గట్టి ప్లాస్టిక్‌ పట్టీని కూడా ఎలుకల వెన్నుపాము మీద పెట్టారు. ఆరు వారాలకు గట్టి పట్టీ కింద వెన్నుపాము నలిగి రూపం మారింది, ఎలుకల నడక చెడింది. మెత్తని పట్టీ కింద దాదాపు ఏ తేడా లేదు. పాలీఇమైడ్‌ చేత్తో పట్టుకుంటే ఇట్టే వంగుతుంది. అయినా నాడికి అది గట్టిదే. వంగడం వేరు, మెత్తగా ఉండడం వేరు అని ఈ పోలిక తేల్చింది.

మెత్తని దారాన్ని మెదడులోకి దించడం ఇంకో చిక్కు. మెత్తనిది గుచ్చుకోదు, మడతపడిపోతుంది. దీనికి రకరకాల ఉపాయాలు చేశారు. సముద్రదోసకాయ అనే జీవి చర్మాన్ని గట్టిగా, మెత్తగా మార్చుకోగలదు. దాన్ని చూసి అమెరికాలోని కేస్‌ వెస్టర్న్‌ విశ్వవిద్యాలయంలో పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, మెదడులో తడవగానే మెత్తబడే పాలిమర్‌ను 2008లో తయారుచేశారు. న్యూరాలింక్‌ సంస్థ రోబో చేత సన్నని సూదితో దారాలను ఒక్కొక్కటే కుట్టిస్తుంది. 64 దారాలు, 1024 ఎలక్ట్రోడ్లతో 2024 జనవరిలో తొలిసారి మనిషికి పెట్టింది. కొన్ని వారాల్లో చాలా దారాలు మెదడులోంచి వెనక్కి జారాయి. సాఫ్ట్‌వేర్‌ మార్చి మిగిలిన ఎలక్ట్రోడ్లతోనే పని నడిపించారు. పరికరం పెట్టించుకున్న ఆ మనిషి కంప్యూటర్‌ను ఆలోచనతో నడపగలిగాడన్నది నిజం, అది మెచ్చదగ్గది. దారం సన్నగా, వంగేలా ఉన్నంత మాత్రాన అది ఉన్నచోట ఉండిపోదన్నది కూడా అంతే నిజం.

ఉన్నచోట ఉండడం గురించి 2024లో మసాచుసెట్స్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టెక్నాలజీలో షువాన్‌హే ఝావో బృందం వెలువరించిన ఫలితం ఈ చర్చనే మలుపు తిప్పింది. ఇంప్లాంటుకూ అవయవానికీ మధ్య హైడ్రోజెల్‌ జిగురు పొర వేసి సందు లేకుండా అతికించారు. ఎలుకల గుండె, ఊపిరితిత్తులు, పేగులు వంటి అవయవాల మీద 84 రోజుల దాకా, అతికిన ముఖం వైపు పీచుపొర కట్టలేదు. సందు ఉంటేనే వాపు కణాలు చేరతాయి, సందు లేకపోతే వాటికి చోటు లేదు. ఇంతకాలం అందరూ గట్టిదనం చుట్టూ తిరుగుతుంటే, అతుకు ఎంత గట్టిగా ఉందన్నది కూడా అంతే ముఖ్యమని ఈ పని చూపింది. నా మటుకు నాకు ఈ దశాబ్దపు ఫలితాల్లో ఇదే అన్నిటికన్నా ఆశాజనకమైనది.

నీటి సమస్య మాత్రం మొండిగా నిలిచింది. శరీరమంటే ఉప్పునీరు. పేస్‌మేకర్‌ టైటానియం పెట్టెలోకి నీటి ఆవిరి చొరబడదు. సిలికోన్‌ రబ్బరు మాత్రం నీటి ఆవిరిని వదిలేస్తుంది. ఆవిరి లోపలికి పోయి తీగ మీద చిన్న బుడగగా చేరితే చాలు, లోహం తుప్పుపడుతుంది. మెత్తగా ఉండాలంటే అణువులు వదులుగా ఉండాలి. నీటిని ఆపాలంటే బిగుతుగా ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకే పదార్థంలో దొరకడం కష్టం. రోజర్స్‌ బృందం పల్చటి సిలికాన్‌ డయాక్సైడ్‌ పొరతో, మరికొందరు ద్రవ గాలియం మిశ్రమంతో సీలు వేయడానికి ప్రయత్నిస్తున్నారు. దశాబ్దాలు ఆగుతాయన్న అంచనాలు వేడినీళ్లలో వేగంగా పాతబరిచి వేసిన లెక్కలు. ఇరవై ఏళ్లు శరీరంలో ఉన్న మెత్తని చిప్పు ఇంకా ఏదీ లేదు. పైగా పట్టీ ఎంత మెత్తనిదైనా దాని తోక ఎక్కడో ఒక బ్యాటరీకో, టైటానియం పెట్టెకో కలవాలి. మెత్తనిది గట్టిదానితో కలిసే ఆ అంగుళం దగ్గరే లాగుడంతా పడుతుంది, తీగలు ఎక్కువగా తెగేదీ అక్కడే. చాలా పరిశోధన పత్రాల్లో ఆ అంగుళం గురించి ఒక పేరా కూడా ఉండదు. ఈ రంగం తీరులో నాకున్న గట్టి అభ్యంతరం ఇది.

నీటిని ఆపలేకపోతే దాన్ని వాడుకుందామన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. బాగా పల్చటి సిలికాన్‌ శరీరద్రవంలో రోజుకు కొన్ని నానోమీటర్ల చొప్పున కరిగి హానిలేని సిలిసిక్‌ ఆమ్లమవుతుంది. మెగ్నీషియం, పట్టు కూడా కరుగుతాయి. 2012లో రోజర్స్‌, టఫ్ట్స్‌ విశ్వవిద్యాలయంలోని ఫియొరెంజో ఒమెనెట్టో కలిసి ఇలా కరిగే సర్క్యూట్లను చూపించారు. 2021లో కరిగే పేస్‌మేకర్‌ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో 3.5 మిల్లీమీటర్ల పొడవు, 1.8 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న పేస్‌మేకర్‌ను ప్రకటించారు. ఇంజెక్షన్‌ సూదితో ఎక్కించవచ్చు. దాని రెండు లోహాల మధ్య శరీరద్రవమే బ్యాటరీగా పనిచేస్తుంది. ఛాతీ మీద అంటించిన పట్టీ నుంచి వచ్చే పరారుణ కాంతి దాన్ని నడిపిస్తుంది, పని అయ్యాక కరిగిపోతుంది. పుట్టుకతో గుండెలోపం ఉన్న పిల్లలకు ఆపరేషన్‌ తర్వాత సాధారణంగా ఓ వారం పేస్‌మేకర్‌ చాలు. ఇప్పుడైతే గుండెకు కుట్టిన తీగలు ఛాతీ బయటికి వస్తాయి, తర్వాత వాటిని లాగేస్తారు. లాగేటప్పుడు ఒక్కోసారి రక్తస్రావం అవుతుంది. చంద్రుడి మీద తొలి అడుగు వేసిన నీల్‌ ఆర్మ్‌స్ట్రాంగ్‌ 2012లో గుండె ఆపరేషన్‌ తర్వాత అలాంటి తీగలు తీసినప్పుడు మొదలైన రక్తస్రావంతోనే మరణించాడు. కొత్త పేస్‌మేకర్‌ ఇప్పటిదాకా జంతువుల్లోనూ, దాతల నుంచి తీసిన మానవ గుండెల్లోనూ పనిచేసింది. బతికున్న మనిషిలో పరీక్ష ఇంకా మిగిలే ఉంది.

కరిగిపోవడం అన్నిసార్లూ మేలే అనుకోవద్దు. అబ్సార్బ్‌ అనే కరిగే స్టెంటు చరిత్ర మన ముందుంది. గుండె రక్తనాళంలో లోహపు స్టెంటు జీవితాంతం ఉండిపోతుంది కదా, మూడేళ్లలో కరిగిపోయేదైతే మేలన్నది ఆలోచన. అమెరికాలో 2016 జులైలో అనుమతి వచ్చింది. పాలిమర్‌ బలహీనమైనది కాబట్టి దాని కడ్డీలు సుమారు 150 మైక్రాన్ల మందంగా చేయాల్సి వచ్చింది. తర్వాతి ఫలితాల్లో లోహపు స్టెంట్ల కన్నా రక్తం గడ్డకట్టడం, గుండెపోట్లు ఎక్కువగా కనిపించాయి. 2017 సెప్టెంబరులో అమ్మకాలు ఆపేశారు. కరిగే పరికరానికి అసలు పరీక్ష అది సగం కరిగిన దశలోనే ఉంటుంది. మొదటి వారం ఫలితాలు చూసి తీర్పు చెప్పకూడదు.

మన ప్రాంతానికి నేరుగా తగిలే ఒక పరికరాన్ని ఇక్కడ చెప్పాలి. 2023లో నార్త్‌వెస్టర్న్‌ శాస్త్రవేత్తలు మార్పిడి చేసిన మూత్రపిండం పైపొర కింద అమర్చే సెన్సర్‌ను ప్రకటించారు. ఏడు మిల్లీమీటర్ల పొడవు, మూడు మిల్లీమీటర్ల వెడల్పు, 220 మైక్రాన్ల మందం. మూత్రపిండం ఉష్ణోగ్రతను, వేడిని అది ప్రసరింపజేసే తీరును నిరంతరం కొలుస్తుంది. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించడం మొదలైతే, రక్తపరీక్షలో క్రియాటినిన్‌ పెరగడానికన్నా మూడు వారాల దాకా ముందే ఎలుకల్లో సంకేతం ఇచ్చింది. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య మూత్రపిండాలు పాడై డయాలసిస్‌కు తిరిగే కుటుంబాలకు మార్పిడి అందడమే గగనం. అందినవారికైనా అది నిలవడం ముఖ్యం. క్రియాటినిన్‌ పరీక్షకు కూడా బస్సెక్కి వెళ్లాల్సిన ఊళ్లకు మూడు వారాల ముందస్తు కబురు విలువ చికాగో కన్నా చాలా ఎక్కువ.

అమర్చాక ఎవరు చూసుకుంటారన్నది ఇంజినీరింగ్‌ పత్రాల్లో కనిపించని ప్రశ్న. చూపులేనివారికి రెటీనా మీద అమర్చే ఆర్గస్‌-2 అనే పరికరానికి 2013లో అమెరికా అనుమతి ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో తయారీసంస్థ దాన్ని ఆపేసింది, మరుసటి ఏడాది సిబ్బందిలో ఎక్కువమందిని తీసేసింది. కళ్లలో పరికరం, మరమ్మతుకు దిక్కులేదు. మనకు దగ్గరి ఉదాహరణ కాక్లియర్‌ ఇంప్లాంటు. సిలికోన్‌లో పొదిగిన ప్లాటినం ఎలక్ట్రోడ్లతో, లోపలి చెవి మెలికలోకి ఒదిగే ఈ పరికరాన్ని మెత్తని ఇంప్లాంట్లలో పెద్దన్న అనొచ్చు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ఎందరో పేద పిల్లలకు దీన్ని అమర్చారు. అది గొప్ప పని. ఆపరేషన్‌ ఒక్కసారే. చెవి వెనక ప్రాసెసర్‌, బ్యాటరీలు, వైర్లు, మాట నేర్పే శిక్షణ మాత్రం ఏళ్ల తరబడి కావాలి. ఆ ఖర్చు మోయలేక ప్రాసెసర్‌ పెట్టెలో పెట్టేస్తే లోపలి ఇంప్లాంటు ఎంత మంచిదైనా ఆ పిల్లకు ఏమీ వినపడదు.

అందుకే తాత్కాలిక పరికరాలకే ముందు దారి ఇవ్వాలని నా అభిప్రాయం. పదిహేను రోజులు పనిచేసి ఊడదీసేదో, కరిగిపోయేదో అయితే దాన్ని ఇరవై ఏళ్లు పోషించే బాధ్యత ఎవరి మీదా పడదు, రోగి ఏ కంపెనీకీ బందీ కాడు. అమెరికా నియంత్రణ సంస్థ కూడా ఈ తేడాను గుర్తించింది. ప్రెసిషన్‌ న్యూరోసైన్స్‌ సంస్థ మెదడు మీద పరిచే పల్చటి పొరకు 2025 ఏప్రిల్‌లో ముప్పై రోజుల వాడకానికి మాత్రమే అనుమతి ఇచ్చింది.

మన దగ్గర పని మొదలుపెట్టడానికి కావాల్సినవి లేకపోలేదు. స్టెంట్ల ధర సామాన్యుడికి అందని రోజుల్లో, 1990ల్లో, హైదరాబాద్‌లో కార్డియాలజిస్టు బి.సోమరాజు, అబ్దుల్‌ కలాం కలిసి తక్కువ ధరలో స్టెంటు తయారుచేయించారు. ఇవాళ విశాఖలో మెడ్‌టెక్‌ జోన్‌ ఉంది, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. మెదడు చిప్పుల వెంట పడేముందు ఈ రెండు చోట్లా శిశువుల పట్టీ తయారవ్వాలి. దాన్ని ఎండాకాలంలో, ఏసీ సరిగా పనిచేయని వార్డులో, చామనఛాయ, నలుపు చర్మాల మీద, రాత్రి డ్యూటీలో ఒకే నర్సు చాలామంది పిల్లలను చూసుకునే విభాగంలో పరీక్షించాలి. ఎన్ని గంటలకు ఊడుతోంది, తీసినప్పుడు చర్మం లేస్తోందా, కరెంటు పోయినప్పుడు ఏమవుతోంది, తల్లి బిడ్డను ఎంతసేపు హత్తుకోగలుగుతోంది అన్న నాలుగింటినీ కొలిచి, వచ్చిన అంకెలను మంచివైనా చెడ్డవైనా ప్రచురించాలి.